పిలుపుకి నేను పెట్టిన ఇంటర్వ్యూ

ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం మనుషులను ఎంచడం. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్.ఆర్. విభాగంలో పనిచేస్తాను. ఎదురుగా కూర్చున్న మనిషి కుర్చీ జరుపుకునే తీరు చూసి, ఈ మనిషి ఆరు నెలలు ఉంటాడో ఉండడో చెప్పేస్తానని ఆఫీసులో నాకు పేరుంది. ఆ పేరు నాకు బాగా తలకెక్కింది. ఇంట్లో కొత్త పనిమనిషిని పెట్టుకోవాలన్నా మా ఆయన "ముందు నీ రౌండ్ అవనీ" అని ఆటపట్టించేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఆ మాట నాకు మెప్పులాగే వినిపించేది.

మాది గుంటూరు వైపు. తాతల నాటి నుంచి కతోలికులం. మియాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కుని వచ్చాక, అక్కడికీ గోపన్‌పల్లికీ మధ్యలో ఉన్న చిన్న గుడి మా విచారణ అయింది. విచారణ అంటే ఒక గుడి కిందికి వచ్చే కుటుంబాలన్నీ అన్నమాట. ఆదివారం ఏడింటికి తెలుగు పూజ, తొమ్మిదింటికి ఇంగ్లిష్ పూజ. ఏడింటి పూజకి షేర్ ఆటోలు వస్తాయి, తొమ్మిదింటి పూజకి కార్లు వస్తాయి. గేటు దగ్గర వీళ్లు వెళ్తుంటే వాళ్లు వస్తుంటారు. ఒకరి ముఖాలు ఒకరికి తెలుసు, పేర్లు తెలియవు. మా కుటుంబం తొమ్మిదింటి బాపతు. అయితే తెలుగు స్పష్టంగా చదువుతానని రెండు పూజల్లోనూ చివర ప్రకటనలు చదివే పని నాకే అప్పజెప్పారు. కాబట్టి రెండు పూజల జనాన్నీ చూసిన కొద్దిమందిలో నేనొకదాన్ని. చూశానని అనుకున్నాను, అంతే.

మా విచారణ గురువులకు, అంటే ఫాదర్ గారికి, నలభై కూడా ఉండవు. ఖమ్మం వైపు వారు. ఇన్ని వందల కుటుంబాలకు ఆయన ఒక్కరే. పొద్దున పూజ, మధ్యాహ్నం ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్న ఎవరికో నూనె పూసి చేసే అవస్థ అభ్యంగనం, సాయంత్రం గృహప్రవేశ ప్రార్థన, మధ్యలో స్కూటరు పంక్చరు. ఒక ఆదివారం నేను ప్రకటనల కాగితం ఇవ్వడానికి వెళ్తే ఆయన గడప మీద కూర్చుని చల్లారిన ఇడ్లీ తింటున్నారు.

"అమ్మా, ఈ విచారణ నుంచి ఇంతవరకు ఒక్క గురువు గానీ ఒక్క సిస్టర్ గానీ వెళ్లలేదు. నేను పడిపోతే నా చోటికి ఎవరొస్తారో తెలీదు. మీరు కంపెనీలకు మనుషుల్ని వెతికి పెడతారు కదా, దేవుడికి కూడా కొంచెం వెతికి పెట్టండి" అన్నారు.

ఆయన నవ్వుతూ అన్నారు. నేను మాత్రం దాన్ని ఉద్యోగంగా తీసుకున్నాను. అలా నేను మా విచారణలో దైవపిలుపుల బృందానికి పెద్దనయ్యాను. దైవపిలుపు అంటే గురువుగానో మఠకన్యగానో బతకమని దేవుడు ఒక మనిషిని పిలవడం. ఆ పిలుపు వినబడిన పిల్లలకు తోడుగా నిలబడటం మా బృందం పని. తోడు నిలబడటం ఒకటి, వడపోయడం ఒకటి అని ఆ రోజు ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినేదాన్ని కాదేమో.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా, తాను ఫాదర్ అవుతానని ఒక రోజు అన్నం తింటూ అన్నాడు. "ముందు ఇంజినీరింగ్ అవనీ, తర్వాత చూద్దాం" అన్నాను. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, ఆ మాట గుర్తు చేస్తే నవ్వుతాడు. ప్రతి మొదటి శుక్రవారం గుడిలో మోకరించి పిలుపుల కోసం గొంతెత్తి ప్రార్థన చెప్పించేది నేనే. ఊళ్లోవాళ్ల పిల్లల కోసం చెప్పినంత గట్టిగా నా పిల్లవాడి కోసం ఎన్నడూ చెప్పలేదు.

ఈస్టర్, అంటే మా పాస్కా పండుగతో కలిపి నాలుగో ఆదివారాన్ని మేము మంచి కాపరి ఆదివారం అంటాం. పిలుపుల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసే రోజు అది. ఆ ఏడాది నేను గుడి ఆవరణలో షామియానా వేయించి, నాలుగైదు మఠాల వాళ్లను పిలిచి, ఒక్కొక్కరికి ఒక్కో బల్ల వేయించాను. గోధుమరంగు అంగీలు ఒక బల్ల దగ్గర, తెల్లచీరలు ఒక బల్ల దగ్గర. బల్లల మీద రంగుల కరపత్రాలు, ఒక గిన్నెలో చాక్లెట్లు. చూస్తే అచ్చం కాలేజీల్లో మేము పెట్టే ఉద్యోగమేళాలాగే ఉంది. నాకు అప్పుడు అది గొప్పగా అనిపించింది. ఫాదర్ గారు మాత్రం షామియానా కింద ఒక చుట్టు తిరిగి, "బాగుందమ్మా" అని, ఇంకేదో అనబోయి ఊరుకున్నారు.

ఆ బల్లల్లో ఒకదాని దగ్గర కూర్చున్న సిస్టర్‌కి యాభై దాటి ఉంటాయి. ప్రకాశం జిల్లా మనిషి. వాళ్ల మఠంలో మే నెలలో పది రోజుల శిబిరం ఉందనీ, ఆడపిల్లలు వచ్చి తమతో ఉండి చూసుకోవచ్చనీ చెప్పారు. ఒక్కో విచారణ నుంచి ఒక్కరికే చోటు. ఆసక్తి ఉన్నవాళ్లు ఫారం నింపితే, వెనకవైపు విచారణ బృందం అభిప్రాయం రాయాలి, దాని కింద ఫాదర్ సంతకం పెట్టాలి.

ఆ రోజు ఏడింటి పూజ నుంచి ఒక అమ్మాయి ఆ బల్ల దగ్గరికి వచ్చి కదల్లేదు. పద్దెనిమిదేళ్లుంటాయి. ఇంటర్ అయిపోయింది. ఒక టెక్ పార్కు ఫుడ్ కోర్టులో చాయ్ కౌంటర్ దగ్గర పని. గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్ల వెనక, పాత ఊరి ఇళ్లలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటారు. తల్లి ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్. తండ్రి సెంట్రింగ్ పనిచేస్తాడు, చేసిన రోజు తాగుతాడు, చేయని రోజు ఇంట్లో గిన్నెలు విసురుతాడు. ఈ వివరాలన్నీ తర్వాత ఫారంలో చూసినవీ, ఆ నోటా ఈ నోటా విన్నవీ. ఆ రోజు నేను గమనించింది ఆమె గొంతు. పెద్ద గొంతు. సిస్టర్‌ను ఒకటే ప్రశ్నలు. "సిస్టరమ్మా, మీరు కోపమొస్తే ఏం జేస్తరు? ఇల్లు యాదికొస్తే పోనిస్తరా? ప్రార్థన జేస్తుంటె నిద్రొస్తే ఎట్ల?" అని అడిగి తనే పకపకా నవ్వుతోంది. సిస్టర్ కూడా నవ్వుతున్నారు. వెనక వరసలో నిలబడ్డ ఇంగ్లిష్ పూజ పిల్లలు పక్కకు జరిగారు. నేను వెళ్లి, "అమ్మా, వేరేవాళ్లకీ చోటివ్వు" అన్నాను.

ఆమె నాకు కొత్త కాదని అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి పూజ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మేడం, మీరు జర మెల్లగ చదవాలె. మా అమ్మకు ఏం సమజైతలే" అని చెప్పి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో నా చదువుకి వంక పెట్టింది ఆమె ఒక్కతే. నేను ఆ మాట మరిచిపోయానని అనుకున్నాను. మరిచిపోలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆరు ఫారాలు వచ్చాయి. ఆరుగురికీ ఒక శనివారం సాయంత్రం రమ్మని చెప్పాను. గుడి పక్క హాల్లో ఒక బల్ల, ఇవతల నేను, అవతల వాళ్లు. సిస్టర్ ఇంటర్వ్యూ చేయమనలేదు. ఫాదర్ గారూ అనలేదు. పిల్లలతో కూర్చుని మాట్లాడి, వాళ్ల ఇళ్లకు వెళ్లి, నాలుగు మాటలు రాయమన్నారు. ఆరిళ్లు తిరగడానికి నాకు తీరిక లేదు. మనిషికి అరగంట పెట్టుకున్నాను. అదీ నాకు చేతనైన పద్ధతి.

తొమ్మిదింటి పూజలో కీబోర్డు వాయించే అమ్మాయి ముందు వచ్చింది. బి.టెక్ చివరి ఏడాది. అసలు ఆమె చేత ఫారం నింపించిందే నేను. వాళ్ల అమ్మా నేనూ ఒకే అపార్ట్‌మెంట్. ఎప్పుడు కనబడినా "నీలాంటి చదువుకున్న పిల్లలు ముందుకు రావాలి" అని వెంటబడేదాన్ని. ఆమె చక్కగా కూర్చుని, సేవ గురించి, సమాజం గురించి, మౌనం గురించి ఎక్కడా తడబడకుండా చెప్పింది. నాకు ముచ్చటేసింది. మా విచారణ నుంచి వెళ్లే మొదటి సిస్టర్ ఇలా ఉండాలని మనసులో ఒక బొమ్మ గీసుకున్నాను. ఆ బొమ్మకు ఇంగ్లిష్ వచ్చు.

చాయ్ కౌంటర్ అమ్మాయి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. ఒంటి మీద ఇంకా ఆ కౌంటర్ టీషర్ట్ ఉంది. కుర్చీ అంచున కూర్చుంది.

"ఎందుకు చేరాలనుకుంటున్నావు?" అని అడిగాను.

"ఇంట్ల ఎప్పుడు లొల్లే మేడం. ఆడనైతే నిమ్మలంగ ప్రార్థన జేస్కోవచ్చు" అంది.

నా కలం అక్కడే కదిలింది. ఈ జవాబు నాకు బాగా తెలుసు. పాత కంపెనీలో మేనేజరు బాధ భరించలేక వస్తున్నామని చెప్పేవాళ్లను మేము తీసుకోం. ఒకచోట నుంచి పారిపోయి వచ్చినవాళ్లు మనచోట నుంచీ పారిపోతారని మా లెక్క. ఆ తర్వాత నేను అడగాల్సినవి అడిగాను, ఆమె చెప్పింది. పెళ్లి చేసుకోవాలని లేదా అంటే, "నాకైతే ఎన్నడు అట్ల అనిపియ్యలే" అంది. ఎక్కడికి పంపినా వెళ్తావా అంటే, "ఏడికి పంపితే ఆడికి పోత. పొద్దుగాల పూజ ఉంటే సాలు" అంది. రోజూ ప్రార్థన చేస్తావా అంటే, బస్సు కోసం నిలబడ్డప్పుడు, చాయ్ మరుగుతున్నప్పుడు చేస్తానంది. "చాయ్ పొంగకుండ జూస్కుంట జేస్త మేడం" అని మళ్లీ నవ్వింది. ఇవన్నీ నాకు ఇవాళ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆ రోజు కాగితం మీదకు ఎక్కింది మాత్రం మొదటి జవాబు ఒక్కటే.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మేడం, నా గురించి జర మంచిగ రాయుండ్రి. నాకు ఇంగ ఏం అవసరం లే. ఒక్కసారి పోయి జూడాలె, అంతే" అంది.

ఆమె ఫారం వెనక నేను రాసింది ఇదీ. కుటుంబ సమస్యల నుంచి బయటపడటానికి ఈ జీవితాన్ని ఎంచుకుంటున్నట్టు కనిపిస్తోంది, ఇప్పుడే పంపవద్దు. ఫాదర్ గారు సంతకం పెట్టే ముందు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. "మీకు నమ్మకమేనా అమ్మా? ఈ పిల్ల ఆదివారమే కాదు, మిగతా రోజుల్లో కూడా పొద్దున్నే పూజకి వస్తుంది" అన్నారు.

"ఇలాంటివాళ్లను రోజూ చూస్తాను ఫాదర్. తిండికీ నీడకీ వస్తారు, రెండేళ్లకు బయటికొస్తారు. రేపు మన విచారణకే మాట వస్తుంది" అన్నాను.

ఆయన కలం మూత తీసి సంతకం పెట్టారు. పాపం, ఆయన నన్ను నమ్మారు. ఆయనకు వేరే పనులు చాలా ఉన్నాయి.

చోటు రానివాళ్లకు కబురు చెప్పాలి కదా. దానికీ నా దగ్గర పద్ధతి ఉంది. ఆఫీసులో ఎంపిక కానివాళ్లకు పంపే సందేశాన్ని తెలుగు చేసి, ఐదుగురికీ వాట్సాప్‌లో ఒకేసారి పంపేశాను. మీ ఆసక్తికి ధన్యవాదాలు, ఈసారికి అవకాశం కల్పించలేకపోతున్నాం, మీ వివరాలు మా దగ్గర భద్రంగా ఉంటాయి, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు. నలుగురు చూసి ఊరుకున్నారు. ఆమె మాత్రం "సరే మేడం" అని పెట్టి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. అప్పుడు నేను కూకట్‌పల్లిలో చీరల కొట్టులో ఉన్నాను. చూసి, ఫోన్ సంచిలో వేసుకుని, మళ్లీ చీరల్లో పడ్డాను. దేవుడు పిలిచాడని నమ్మి వచ్చిన పిల్లకు నేను ఇచ్చిన జవాబు అది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

కీబోర్డు అమ్మాయిని పంపే ఆదివారం తొమ్మిదింటి పూజలో అందరూ చప్పట్లు కొట్టారు. ఫాదర్ గారు ఆమె తల మీద చేయి పెట్టి ఆశీర్వదించారు. నేను ఫొటోలు తీశాను. నాలుగో రోజు ఆమె ఇంటికి వచ్చేసింది. లిఫ్టులో వాళ్ల అమ్మ కనబడి, ముఖం పక్కకు తిప్పుకునే చెప్పింది. "మా పిల్లకి మొదటినుంచీ ఇష్టం లేదండి. పెద్దవారు, మీరు అన్నిసార్లు అడిగారని కాదనలేకపోయింది. అక్కడ రెండు రాత్రులు ఏడ్చిందంట." నేను ఏదో అనబోయే లోపల వాళ్ల అంతస్తు వచ్చింది. ఆ అమ్మాయి కొన్నాళ్లు గుడికి రావడం మానేసింది. ఆమె కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉండేది. ఇష్టం లేనిదాన్ని తోశాను, ఇష్టమున్నదాన్ని ఆపాను. ఇంతకంటే తలకిందుల పని ఎవరు చేస్తారు? అయినా అప్పటికి నాకు సగమే తెలిసింది. తోసిన సంగతి తెలిసింది. ఆపిన సంగతి ఇంకా తెలియలేదు.

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలైతే మా గుళ్లలో పెళ్లిళ్లు చేయరు. అందుకని దానికి ముందు నెలలో పెళ్లిళ్లు బాగా ఉంటాయి. గుడిలో పెళ్లి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు పూజలో ప్రకటించాలి. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ పెళ్లి నిశ్చయమైంది, దీనికి ఎవరికైనా ఏదైనా అభ్యంతరం తెలిసి ఉంటే విచారణ గురువుల దగ్గరికి వెళ్లి చెప్పాలి అని. ఆ ప్రకటనలు చదివేది నేనే. ఒక ఆదివారం ఏడింటి పూజలో కాగితం మీద ఆమె పేరు కనబడింది. వరుడు శంకర్‌పల్లి వైపు విచారణకు చెందినవాడు, ఆఫీసు జనాన్ని తిప్పే కారు డ్రైవరు.

ఆ పేరు చదువుతూ నాకు ఏమనిపించిందో రాయాలంటే చేయి రావడం లేదు, అయినా రాస్తాను. హాయిగా అనిపించింది. చూశావా, నేను చెప్పలేదూ అనుకున్నాను. ఏడాది తిరగకుండా పెళ్లికి సిద్ధమైన పిల్ల మఠంలో ఏం ఉంటుంది అనుకున్నాను. ఆమె పక్క తలుపు దగ్గర, తల్లి పక్కన నిలబడి నన్నే చూస్తోంది. ముఖంలో నవ్వు లేదు. రెండో ఆదివారమూ అక్కడే, మూడో ఆదివారమూ అక్కడే. అభ్యంతరం ఉంటే చెప్పాలి అని మూడుసార్లూ స్పష్టంగా, మెల్లగానే చదివాను. చదివి కాగితం మడిచి, తొమ్మిదింటి పూజకు పూల అలంకరణ సరిచూడటానికి వెళ్లాను. పెళ్లి మీద మనసు లేదని నాతో అన్న పిల్ల పెళ్లిని మూడు వారాలు నా నోటితో చాటి, ఒక్కసారి కూడా దగ్గరికి వెళ్లి ఏమిటమ్మా అని అడగలేదు.

మళ్లీ మంచి కాపరి ఆదివారం వచ్చింది. ఈసారి షామియానా వేయించలేదు. ఆ ప్రకాశం సిస్టర్ ఒక్కరే వచ్చారు. పూజ అయ్యాక నేను ఇచ్చిన టీ తాగుతూ చుట్టూ చూశారు.

"ఆ నవ్వే పిల్ల ఏదమ్మా? నాకు నిద్రొస్తే ఏంటని అడిగింది చూడు, ఆ పిల్ల. పోయినేడు వస్తదనుకున్నా" అన్నారు.

నేను రాసింది ఆమెకు గుర్తు చేశాను. ఇంట్లో గొడవలు భరించలేక వస్తానందని, కారణం సరైంది కాదని అనిపించిందని చెప్పాను. చెబుతుంటే ఇంకా నా గొంతులో ఆ ఆఫీసు ధీమా ఉంది.

సిస్టర్ టీ గ్లాసు కింద పెట్టారు. కోపంగా ఏమీ లేరు. "మేం ఏడుగురం. నేను ఆరోదాన్ని. మఠంలో రెండు పూటలా అన్నం పెడతారని మా ఊళ్లో ప్రార్థనలు నేర్పే ఉపదేశి చెబితే వచ్చాను. అన్నం కోసమే వచ్చానమ్మా. మరి ముప్పై ఏళ్ల నుంచి ఎందుకున్నానంటావు? అన్నం ఇప్పుడు బయట కూడా దొరుకుతుందిగా" అన్నారు.

నేను ఆమె గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"ఎందుకొచ్చామన్నది మేం కూడా వెంటనే చెప్పలేమమ్మా. కొత్తగా వచ్చిన పిల్లకి ఏడెనిమిదేళ్లు పడుతుంది, బతికినంతకాలం ఇక్కడే ఉంటానని కడపటి మాటపట్టు ఇచ్చేదాకా. ఆ ఏళ్లన్నీ ఎందుకనుకున్నావు? అది తేల్చుకోటానికే. మీరు ఎంతసేపు మాట్లాడారు ఆ పిల్లతో?"

"అరగంట" అన్నాను.

ఆమె తల ఊపి, నా చేతి మీద చెయ్యేసి, "పోనీలే, ఈ వేసవి శిబిరానికి తీసుకురా. ఫారం అవసరం లేదు. వచ్చి పది రోజులుండి పోనీ" అన్నారు. అప్పుడు చెప్పాల్సి వచ్చింది, ఆ పిల్లకు పెళ్లయి మూడు నెలలైందని. సిస్టర్ సిలువగుర్తు వేసుకుని, "దేవుడు వాళ్లను చల్లగా చూడాలి" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ వారమంతా ఆఫీసులో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. ఎదుట ఎవరో తన గురించి చెప్పుకుంటుంటే, ఈ మనిషి సంగతి నాకెలా తెలుస్తుంది అని భయం వేసేది. శనివారం ఆటో ఎక్కి గోపన్‌పల్లి వెళ్లాను. పెళ్లయ్యాక ఆ దంపతులు అత్తగారితో కలిసి అక్కడే, తల్లి ఉండే గదికి రెండు సందుల అవతల కాపురం పెట్టారని ఫాదర్ గారు చెప్పారు. ఏడాది కిందట ఆ తల్లి గదికి ఒక్కసారి వెళ్లి ఉంటే చాలేది. నాకు అప్పుడు తీరిక లేదు కదా.

రెండు వైపులా ఎత్తయిన అపార్ట్‌మెంట్లు, మధ్యలో పెంకుటిళ్లు, రేకుల గదులు. ఆమె గుమ్మం ముందు కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. మెడలో పసుపుతాడు. నన్ను చూసి లేచి నిలబడింది. "మేడం, మీరేంది గిట్లొచ్చిండ్రు? కూర్చోండ్రి" అని లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఆమె మెట్టు మీద కూర్చుంది. చాయ్ కౌంటర్ పని మానేసిందట, అత్తకు చూపు ఆనదట. భర్త మంచోడేనని నేను అడగకముందే చెప్పింది. "తాగడు మేడం. గట్టిగ గూడ మాట్లాడడు" అంది.

పెళ్లి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. అడిగే హక్కు నాకు లేదు, అయినా నోరాగలేదు.

"నాయిన రోజు లొల్లి జేస్తుండె. అమ్మ పరేషాన్ అయితుండె. గుడిల నాకు చోటు రాలేదన్నంక ఇగ నాకేమున్నది జెప్పనీకి? చేస్కుంట అన్న" అంది. మామూలుగానే అంది, కూరల ధర చెప్పినట్టు.

ఆటోలో వచ్చేటప్పుడు మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. "ఆ రోజు నీ గురించి నేను తప్పుగా రాశాను. నిన్ను పంపొద్దని రాసింది నేనే. సిస్టర్ నిన్ను అడిగారు మొన్న. నన్ను క్షమించు" అన్నాను. అంటుండగా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆమె కోసమో నా కోసమో నాకే తెలియలేదు.

ఆమె ఇంకో చిక్కుడుకాయ అందుకుని ఈనె తీసింది. లోపల అత్త దగ్గింది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఎవరో స్కూటరు స్టార్ట్ చేశారు.

"ఏడవకుండ్రి మేడం" అంది. "మీరు పంపినా నేను ఉంటుంటినో లేదో. గా కీబోర్డు అక్క లెక్క నాల్గు దినాలకు వాపసొస్తుంటినేమో. అట్ల వచ్చినా మంచిగనే ఉంటుండె. పోయి జూస్తే నాకే తెలుస్తుండె గద, నన్ను పిలిచిండా లేదా అని."

నేను కూడా ఒక కాయ అందుకుని ఈనె తీయబోయాను.

"ఇప్పటికి గూడ పొద్దుగాల లేవంగనే గదే అనిపిస్తది. ఈయనకు డబ్బా కడుత, అత్తకు మందులిస్త, అన్ని జేస్త. మధ్యల అనిపిస్తది, ఏమో, పిలిచిండేమో అని. మల్ల అనిపిస్తది, లేదేమో, ఉత్తగనే నేను అనుకున్ననేమో అని." చేతిలో కాయ పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మీరు చదువుకున్నోళ్లు, మీకు ఇసంటియి ఎరుకుంటది గద. ఇప్పుడు నాకు ఎట్ల తెలుస్తది మేడం?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. తెలిసినవాళ్లను అడిగినట్టే అడిగింది, జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

నాకు తెలియదని చెప్పాను. ఆ ఒక్క మాట ఆమెతో అనడానికి నాకు ఏడాది పట్టింది.